బొనాంజా మొదటి సీజన్‌లో నిజమెంత? వర్జీనియా సిటీ గనుల వైపు నుంచి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మీ దగ్గర ఉన్నారు. ఇద్దరూ కలిసి నెవాడాలోని వర్జీనియా సిటీ అనే గనుల ఊరి చుట్టూ నడిచే పాత అమెరికన్ టీవీ సీరియల్ "బొనాంజా" మొదటి సీజన్ చూస్తున్నారు. పాయూట్ అనే స్థానిక ఇండియన్ తెగతో జరిగిన యుద్ధం, రచయిత మార్క్ ట్వేన్, జూలియా బులెట్ అనే ఆవిడ, గనిలో చెక్క చట్రాలు కట్టించిన జర్మన్ ఇంజనీరు... ఇవి నిజంగా జరిగాయా, టీవీవాళ్ళు అల్లినవా అని ఆయన అడుగుతున్నారు. వర్జీనియా సిటీ తీసుకెళ్తే చూపించడానికి ఏమైనా మిగిలిందా అన్నది మీ రెండో ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఊరు నిజం, గనులు నిజం, మీరు రాసిన పేర్లున్న మనుషులందరూ నిజం. సీరియల్‌లో ముఖ్యపాత్రలైన కార్ట్‌రైట్ కుటుంబం (తండ్రి బెన్, కొడుకులు ఆడమ్, లిటిల్ జో వగైరా), వాళ్ళ పాండరోసా ఎస్టేట్ మాత్రం పూర్తిగా కల్పన. ఏది ఏ సంవత్సరంలో జరిగింది, ఎవరి వల్ల జరిగింది అన్న రెండు విషయాల్లో సీరియల్‌ని నమ్మకండి. నిజానికి బాగా దగ్గరగా ఉన్నది చెక్క చట్రాల ఎపిసోడ్. కారణాన్ని బాగా కుదించేసింది పాయూట్ యుద్ధం ఎపిసోడ్. ఈ రెండింటినీ కలిపే దారం ఒకటుంది, అది కలప. దాని గురించే ఎక్కువ రాస్తాను.

నా గురించి ఒక్క మాట. కొత్తగూడెంలో మైనింగ్ చదివాను. మొదట బొగ్గుబాయిలో, భూమి లోపల పనిచేశాను. తర్వాత నెవాడాలో ఎల్కో వైపు బంగారు గనుల్లో చాలా ఏళ్ళు. సెలవు దొరికితే వర్జీనియా సిటీ వెళ్ళడం అలవాటైంది. కాబట్టి నేను చెప్పేది సినిమావాళ్ళ వైపు నుంచి కాదు, బాయిలో దిగినవాడి వైపు నుంచి.

ముందు తేదీల సంగతి. బొనాంజా ఎన్‌బీసీలో 1959 సెప్టెంబర్ 12న మొదలైంది. వర్జీనియా సిటీ పుట్టుకకు కారణమైన కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడింది 1859 జూన్‌లో. అంటే సీరియల్ వచ్చింది సరిగ్గా నూరేళ్ళ తర్వాత. మొదటి సీజన్‌లో రచయితలు ఆ ఊరి చరిత్రను బాగానే తిరగేశారని తెలుస్తూనే ఉంటుంది. అక్టోబర్ 3న పాయూట్ యుద్ధం, 10న మార్క్ ట్వేన్, 17న జూలియా బులెట్, 31న చట్రాల ఇంజనీరు ఫిలిప్ డైడెషైమర్, నవంబర్ 7న హెన్రీ కామ్‌స్టాక్, 14న నటి ఏడా మెంకెన్. వారానికొకరు చొప్పున ఊళ్ళోకి దిగిపోతారు.

అసలు లెక్క వేరు. కామ్‌స్టాక్ కథ 1859ది. యుద్ధమూ, చట్రాలూ 1860వి. శామ్యూల్ క్లెమెన్స్ (ట్వేన్ అసలు పేరు) నెవాడా వచ్చింది 1861లో. వర్జీనియా సిటీ పత్రిక "టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్"లో చేరింది 1862లో. "మార్క్ ట్వేన్" అని మొదటిసారి సంతకం చేసింది 1863 ఫిబ్రవరిలో. ఏడా మెంకెన్ అక్కడ గుర్రం మీద నాటకం ఆడింది 1864లో. జూలియా బులెట్ హత్య 1867 జనవరిలో. ఎనిమిదేళ్ళ చరిత్రను టీవీలో ఏడు వారాల్లో చూపించారు.

అన్నిటికంటే పెద్ద తేడా మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. అందులో లోటా క్రాబ్‌ట్రీ అనే నటి లిటిల్ జోకి వలవేసి ఊళ్ళోకి రప్పిస్తుంది. లోటా నిజంగానే ఆ కాలంలో పేరు మోసిన నటి. కానీ ఆవిడ పుట్టింది 1847 నవంబర్‌లో. వెండి బయటపడిన నాటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు, గని ఊళ్ళలో ఆడిపాడే బాల నటి.

అయినా ఆ ఎపిసోడ్‌ని నేను తీసిపారేయను. లిటిల్ జోని పట్టుకోవాలని గని యజమానులు ఎందుకు చూశారో గుర్తుందా? పాండరోసా చెట్ల కోసం. గనిలో ఆనుగా నిలపడానికి వాళ్ళకి కలప కావాలి, బెన్ ఇవ్వనంటాడు. సీరియల్ మొదటి గంటలోనే రచయితలు అసలు విషయం పట్టుకున్నారు. కామ్‌స్టాక్ గనుల్లో వెండి ఎంత ముఖ్యమో, కలపా అంతే ముఖ్యం.

ఇక డైడెషైమర్ చట్రాలు

ఎపిసోడ్‌లో వర్జీనియా సిటీలోని ఓఫిర్ గని కూలుతుంటే ఆయన చెక్క చట్రాల పద్ధతి కనిపెడతాడు, గని పెద్దలు అడ్డుపడతారు, కార్ట్‌రైట్‌లు అండగా నిలుస్తారు. కార్ట్‌రైట్‌లను తీసేస్తే చాలావరకు జరిగిందే. నిజానికి ఆయన్ని పిలిపించింది ఓఫిర్ కంపెనీ పెద్దలే. అక్కడ మాత్రం సీరియల్‌కి ఒక దుర్మార్గుడు కావాల్సి వచ్చింది.

1860 చివర్లో ఓఫిర్ గని 170-180 అడుగుల లోతుకు చేరింది. పైన సన్నగా ఉన్న ఖనిజం అక్కడికి వచ్చేసరికి 40, 50, ఇంకా ఎక్కువ అడుగుల వెడల్పుకి విచ్చుకుంది. చేత్తో నలిపితే నలిగిపోయే క్వార్ట్జ్, చుట్టూ ఉబ్బే మట్టిరాయి. మా బొగ్గుబాయిలో పొర పరుపులా పరుచుకుని ఉంటుంది. పైకప్పు ఎత్తు రెండు మూడు మీటర్లు, దుంగ నిలబెడితే అందుతుంది. భయమున్న చోట దుంగలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి చాక్ కడతాం. కామ్‌స్టాక్‌లో ఖనిజం గోడలా నిలువుగా ఉంది, ఆ గోడ మందమే ఒక ఇంటి వెడల్పు. తవ్వేసిన చోట ఏ చెట్టు మొద్దు నిలబెట్టినా పైకప్పు అందదు. రెండు మొద్దులు అతికిస్తే మధ్యలో విరుగుతాయి. చేతికందే వెండి ఎదురుగా ఉండి కూడా తీయలేని పరిస్థితి.

డైడెషైమర్ జర్మనీలో డార్మ్‌స్టాట్‌వాడు. ఫ్రైబెర్గ్‌లో గనుల చదువు చదివి, కాలిఫోర్నియాలో పనిచేస్తున్నాడు. వయసు 28. ఆయన చేసింది వింటే చాలా మామూలుగా ఉంటుంది. పొడుగు మొద్దు వెతకడం మానేశాడు. అడుగు మందం ఉన్న పొట్టి దూలాలు, నిలువువి ఆరడుగుల పైచిలుకు, అడ్డంవి అంతకంటే కొంచెం తక్కువ. కొసలకు గాళ్ళు చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చుని బిగిసేలా చేశాడు. నాలుగు నిలువులు, పైన నాలుగు అడ్డాలు కలిస్తే ఒక గది. దాని పక్కన ఇంకో గది, పైన ఇంకోటి. ఖనిజం ఎటు పోతే గదులు అటు పెరుగుతాయి. తేనెపట్టు గుర్తుచేసుకోండి. మరీ బరువు పడే చోట ఆ గదుల్ని పనికిరాని రాయితో నింపేస్తే లోపలే స్తంభం తయారవుతుంది.

దీని గొప్పదనం బలంలో మాత్రమే లేదు. ఒకే కొలతల ముక్కలు ముందే పైన కోసి దించొచ్చు. లోపల కొలిచి చెక్కే పని లేదు. పైకి తవ్వుకుంటూ వెళ్ళేవాడికి అదే నిచ్చెన, అదే నిలబడే పలక. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసినవాళ్ళకి ఇది ఎంత ఊరటో తెలుస్తుంది. తర్వాత అమెరికాలో చాలా గనులు, ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ దాకా ఈ పద్ధతే వాడాయి. ఆయన పేటెంట్ తీసుకోలేదు. దీని మీద పైసా రాయల్టీ లేకుండానే 1916 దాకా బతికాడు.

వర్జీనియా సిటీలో చోలార్ గని లోపలికి నేను వెళ్ళినప్పుడు ఆ కాలపు చట్రాలు దగ్గరగా చూశాను. గైడ్ ముందుకు వెళ్ళిపోయాడు, నేను ఒక నిలువు దూలం దగ్గర ఆగిపోయాను. పైనున్న అడ్డ దూలంలోకి దాని తల రెండు మూడు వేళ్ళ మందం దిగిపోయి ఉంది. నార నలిగి, పక్కలకు కుంచెలా విచ్చుకుంది. నూరేళ్ళకు పైగా కొండ బరువు దాని మీద కూర్చున్న గుర్తది. బొగ్గుబాయిలో కొత్తగా చేరిన రోజుల్లో మా సర్దార్ ఒకాయన దుంగని ఇనుప కడ్డీతో తట్టి చెవి పెట్టి వినేవాడు. "కట్టె సచ్చేముందు చెప్తది, ఇనుము చెప్పదు బిడ్డా" అనేవాడు. ఒక షిఫ్టులో అలాగే విని, సామాను అక్కడే వదిలేసి మమ్మల్ని వెనక్కి తోలుకొచ్చాడు. మేం భోజనం డబ్బాలు విప్పేలోపు కప్పు దిగింది. చెక్క నలుగుతూ చప్పుడు చేస్తుంది, మనిషికి కొన్ని నిమిషాలు ఇస్తుంది. వర్జీనియా సిటీ గని పనివాళ్ళు కూడా ఆ చప్పుడు వింటూనే బతికారు. ఎపిసోడ్‌లో నాకు లోటుగా తోచేది అదొక్కటే, చట్రం బిగించాక ఇక భయం లేదన్నట్టు ముగుస్తుంది.

ఆ కలప ఎక్కడి నుంచి వచ్చింది?

వర్జీనియా సిటీ చుట్టూ కొండల్లో పెద్ద చెట్లు లేవు. చట్రాలకు కావాల్సిన పెద్ద చెట్లన్నీ పడమటివైపు సియెరా కొండల్లో, టాహో సరస్సు చుట్టూ ఉండేవి. అంటే సీరియల్ మ్యాప్‌లో పాండరోసా ఉన్న చోటే. మార్క్ ట్వేన్‌తో పాటు అదే పత్రికలో పనిచేసిన డాన్ డి క్విల్ 1876లో కామ్‌స్టాక్ గురించి రాస్తూ, ఈ గనులు సియెరా అడవులకు సమాధి అన్నాడు. గనుల్లోకి ఏడాదికి 8 కోట్ల బోర్డు అడుగుల (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ముక్క ఒక బోర్డు అడుగు) కోత కలప దిగుతోందని, ఆవిరి యంత్రాలకూ పొయ్యిలకూ రెండున్నర లక్షల కార్డుల వంటచెరకు కాలుతోందని లెక్క చెప్పాడు. కార్డు అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన కట్టెల మోపు.

టాహో తూర్పు ఒడ్డున గ్లెన్‌బ్రూక్‌లో కోత మిల్లులు వెలిశాయి. కొండ మీది నుంచి V ఆకారపు చెక్క కాలువల్లో నీళ్ళు వదిలి, దూలాల్ని వాటిలో కిందికి జార్చేవాళ్ళు. సరస్సు చుట్టూ అడవి చాలావరకు కొట్టేశారు. ఈ రోజు టాహోలో మీరు ఫొటోలు తీసుకునే చెట్లలో ఎక్కువ ఆ తర్వాత మళ్ళీ మొలిచినవే. బెన్ కార్ట్‌రైట్ తన అడవిని కంటికి రెప్పలా కాచుకునే పెద్దమనిషి. చరిత్రలో అలాంటి మనిషి ఎవరూ ఆ గనుల ముందు నిలబడలేదు. నేను ఈ సీరియల్‌ని ఇష్టంగానే చూస్తాను, కానీ ఈ ఒక్క కల్పన మాత్రం నన్ను ప్రతిసారీ బాధపెడుతుంది.

ఆ కట్టెలు కొట్టి మోసినవాళ్ళలో చైనా కూలీలు చాలామంది. సీరియల్‌లో చైనీయుడంటే వంటమనిషి హాప్ సింగ్ గుర్తొస్తాడు. బయట పరిస్థితి ఏమిటంటే, రోజుకి 4 డాలర్ల కూలి కాపాడుకున్న గని కార్మిక సంఘం చైనావాళ్ళని బాయిలో అడుగు పెట్టనివ్వలేదు. 1869లో రైలుమార్గం పని చేస్తున్న చైనా కూలీల మీదికి కూడా సంఘం ఊరేగింపుగా వెళ్ళి తరిమేసింది. కూలి కోసం గట్టిగా నిలబడ్డ సంఘమే ఈ పనీ చేసింది. నేను కార్మిక సంఘాలున్న ఊళ్ళో పెరిగినవాణ్ణి, రెండూ చెప్పకపోతే అన్యాయం.

పాయూట్ యుద్ధం

ఎపిసోడ్‌లో ఒక వర్తకుడు పాయూట్ ఆడవాళ్ళని చెరబడతాడు, నింద ఆడమ్ కార్ట్‌రైట్ మీద పడుతుంది, యుద్ధం మొదలవుతుంది. ఆడమ్ లేడు కానీ చెర నిజం. 1860 మే మొదట్లో కార్సన్ నది ఒడ్డున విలియమ్స్ స్టేషన్ అనే మజిలీలో ఇద్దరు పాయూట్ ఆడపిల్లల్ని దాచిపెట్టారు. పాయూట్లు వచ్చి పిల్లల్ని విడిపించుకుని, అక్కడున్నవాళ్ళని చంపి, మజిలీ తగలబెట్టారు. పాయూట్ స్త్రీ సారా విన్నెమక్కా 1883లో తన పుస్తకంలో ఈ సంగతి తమవైపు నుంచి రాసింది.

ఊళ్ళో మాత్రం "ఇండియన్లు తెల్లవాళ్ళని చంపారు" అన్న సగం వార్తే పాకింది. మేజర్ ఆర్మ్స్‌బీ వెంట దాదాపు 105 మంది, శిక్షణా క్రమశిక్షణా లేని జనం, పిరమిడ్ లేక్ వైపు బయలుదేరారు. మే 12న పాయూట్లు వాళ్ళని లోయలోకి రానిచ్చి చుట్టుముట్టారు. 70 మందికి పైగా చనిపోయారు, ఆర్మ్స్‌బీతో సహా. తర్వాత కాలిఫోర్నియా నుంచి సైన్యం వచ్చింది. టెక్సస్ రేంజర్‌గా పేరుపొందిన జాక్ హేస్ నాయకత్వంలో జూన్ 2న రెండో పోరు జరిగింది. అప్పటికి రెండు నెలల కిందటే మొదలైన పోనీ ఎక్స్‌ప్రెస్ అనే గుర్రపు తపాలా కూడా ఆగిపోయింది.

ఎపిసోడ్‌లో లేనిది ఇది. మజిలీ ఘటనకి ముందే పాయూట్ పెద్దలు పిరమిడ్ లేక్ దగ్గర కూడి యుద్ధమా శాంతా అని తర్జనభర్జన పడుతున్నారు. యుద్ధం వద్దని నుమాగా అనే నాయకుడు ఒంటరిగా వాదించాడు, ఉపవాసం ఉన్నాడు. మజిలీ వార్త వచ్చాక ఇక ఆపలేక, తానే ముందుండి నడిపించాడు. మరి ఆ పెద్దలు ఎందుకు కూడారు? ముందటి చలికాలం ఆకలితో గడిచింది. పిన్యాన్ పైన్ చెట్ల గింజలు వాళ్ళకి చలికాలపు తిండి. గని ఊళ్ళవాళ్ళు ఆ చెట్లనే వంటచెరకు కోసం నరికేస్తున్నారు. వాళ్ళ పశువులు గడ్డి, గింజలు మేసేస్తున్నాయి. ఇద్దరు పిల్లల చెర అంటుకున్న నిప్పు, కింద పేరుకున్న ఎండుకట్టె మాత్రం ఇది. ఒక్క దుర్మార్గుడైన వర్తకుడి మీద తప్పంతా పెట్టేస్తే మిగతా ఊరంతా చేతులు దులుపుకోవచ్చు. టీవీ చేసింది అదే.

మిగతావి, వేగంగా

హెన్రీ కామ్‌స్టాక్: నిక్షేపం కనిపెట్టింది ఈయన కాదు. పీటర్ ఓరైలీ, పాట్రిక్ మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు ఐరిష్‌వాళ్ళు ఊట దగ్గర గుంత తవ్వుతుంటే తగిలింది. కామ్‌స్టాక్ వచ్చి ఈ నేల నాది, నీళ్ళు నావి అని వాటా రాయించుకున్నాడు. బంగారం కడుగుతుంటే అడ్డుపడుతోందని వాళ్ళు తిట్టుకుంటూ పారబోసిన నీలి నల్లమట్టే వెండి. ఆయన తన వాటా దాదాపు 11 వేల డాలర్లకి అమ్ముకున్నాడు, 1870లో మోంటానాలో తనని తాను కాల్చుకుని చనిపోయాడు. ఆ కొండ నుంచి తర్వాత తీసింది 30 కోట్ల డాలర్లకు పైమాటే.

జూలియా బులెట్: సీరియల్‌లో మెరిసిపోయే ధనవంతురాలు. నిజంలో ఆవిడ డి స్ట్రీట్‌లో చిన్న అద్దె ఇంట్లో ఉండే వేశ్య. చనిపోయాక సామాను వేలం వేస్తే అప్పులకు కూడా చాలలేదు. అగ్నిమాపక దళం ఆవిడని గౌరవ సభ్యురాలిగా చేసుకోవడం, బ్యాండుతో అంతిమయాత్ర జరపడం మాత్రం నిజం. ఆవిడ నగలూ బట్టలూ దొరకడంతో పట్టుబడిన జాన్ మిలైన్‌ని 1868 ఏప్రిల్ 24న జనం ముందు ఉరితీశారు. ఆ జనంలో, ఉపన్యాసాల కోసం తిరిగి వచ్చిన మార్క్ ట్వేన్ ఉన్నాడు. ట్వేన్‌కీ జూలియాకీ సీరియల్‌లో వేర్వేరు ఎపిసోడ్లు. చరిత్రలో వాళ్ళిద్దరి కథలూ ఆ ఉరికొయ్య దగ్గర కలిశాయి.

1962లో వచ్చిన మైకెల్సన్ ఎపిసోడ్ తప్పకుండా చూపించండి. కాంతి వేగం కొలిచిన ఆల్బర్ట్ మైకెల్సన్ నిజంగానే చిన్నప్పుడు వర్జీనియా సిటీలో పెరిగాడు. 1907లో సైన్స్‌లో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్ అయ్యాడు. 1963లో చార్లెస్ డికెన్స్ ఊళ్ళోకి వచ్చే ఎపిసోడ్ మాత్రం ఒట్టి కల్పన. ఆయన రెండుసార్లు అమెరికా వచ్చినా నెవాడా దరిదాపులకి రాలేదు. అమెరికాలో తన పుస్తకాలు డబ్బివ్వకుండా అచ్చేస్తున్నారన్న ఆయన కోపం మాత్రం నిజం.

నాన్నగారిని తీసుకెళ్తే

వర్జీనియా సిటీ 1875 అక్టోబర్ 26 అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయింది. మీకు కనిపించే పాత భవనాలు ఎక్కువ దాని తర్వాతవే. అది ముందే చెప్పండి, లేకపోతే ట్వేన్ తిరిగిన గోడలు ఇవే అనుకుంటారు. గని లోపలికి తీసుకెళ్ళే టూర్లు చలికాలంలో సాధారణంగా ఉండవు, ఫోన్ చేసి కనుక్కోండి. ఊరు ఆరువేల అడుగుల పైన ఉంది, వీధులు ఏటవాలు. వయసులో పెద్దవారు కాబట్టి సి స్ట్రీట్ దగ్గరే కారు ఆపుకోండి, మెల్లగా నడవండి.

ఇంక్లైన్ విలేజ్‌లో పాండరోసా రాంచ్ అని ఒకటి ఉండేది, 2004లో మూసేశారు. పాత వీడియోలు చూసి వెతుక్కుంటూ వెళ్ళకండి. దానికి బదులు గ్లెన్‌బ్రూక్ వైపు టాహో ఒడ్డున నడవండి. నీళ్ళు తేటగా ఉన్న రోజున పాత రేవు గుంజలు వరుసగా కనిపిస్తాయి, వర్జీనియా సిటీకి దూలాలు పోయిన కాలానివి.

రెండో రోజు పిరమిడ్ లేక్ పెట్టుకోండి, రీనో నుంచి గంటలోపు ప్రయాణం. అది ఇప్పటికీ పాయూట్ల నేల. సరస్సు ఒడ్డున గడపాలంటే వాళ్ళ తెగ ఇచ్చే పర్మిట్ తీసుకోవాలి, ఆ డబ్బు వాళ్ళకే చేరుతుంది. నిక్సన్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళ మ్యూజియం ఉంది, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని బయలుదేరండి. వెళ్ళే ముందు రోజు రాత్రి పాయూట్ యుద్ధం ఎపిసోడ్ ఇంకోసారి వేయండి. ఏవైనా సందేహాలొస్తే ఇక్కడే అడగండి, నాన్నగారి ప్రశ్నలైతే ఇంకా సంతోషంగా రాస్తాను.